అసలు తేదీ

ఆ టైలరింగ్ షాపు మెట్లెక్కే వాళ్ళలో తేదీ విషయంలో నిజం చెప్పే మనిషి ఒక్కరూ లేరని మాస్టరమ్మ గట్టి నమ్మకం. పదిహేనో తేదీకి బట్టలు కావాలంటే ఐదో తేదీ అని చెప్పేవారు. ఎందుకంటే మాస్టరమ్మ పది రోజులు ఆలస్యం చేస్తుందని అందరికీ తెలుసు. అందరికీ తెలుసని మాస్టరమ్మకీ తెలుసు. అందుకని ఎవరైనా ఐదు అంటే, 'ఆ, పదిహేనన్నమాట' అని లోపల సర్దుకుని, పైకి మాత్రం "రెండు రోజుల్లో వచ్చి పట్టుకెళ్ళండి" అనేది. ఆ రెండు రోజులు ఏనాడూ రెండు రోజుల్లో అయిన పాపాన పోలేదు. ఇన్ని అబద్ధాల మధ్య ఏ బట్ట ఎప్పటికి కావాలో ఆ దేవుడికే తెలియాలి. ఆ పూట కౌంటరు దగ్గర ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ బట్ట మిషనెక్కేది, అంతే.

మాస్టరమ్మ అంటే ఆ షాపు యజమాని, కటింగ్ మాస్టరూ ఆవిడే. చేయి తిరిగిన మనిషి, అందులో అనుమానం లేదు. మనిషిని ఎగాదిగా ఒక్కసారి చూసి నడుం కొలత చెప్పేయగలదు. మిషను మీద కుట్టేది ఆవిడ ఆడపడుచు. ఆ అమ్మాయి ప్రతి పనీ తీరిగ్గా, దారం తెగకుండా, మాట పెగలకుండా చేస్తుందని మాస్టరమ్మే ఆవిడకి 'నిదానం' అని పేరు పెట్టింది. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటాయి. ఇస్త్రీ, గుండీలు, పొట్లాలు కట్టడం మాస్టరమ్మ భర్త పని. ముగ్గురు మనుషులు, రెండు మిషన్లు, పొడుగాటి కటింగ్ బల్ల ఒకటి, గోడ పొడవునా బట్టల మూటల అర. ఇదీ షాపు.

పొద్దున తొమ్మిదింటికి మాస్టరమ్మ బల్ల మీద బట్ట పరిచేది. వీపు ముక్క మీద కత్తెర సగం దూరం వెళ్ళేసరికి కౌంటరు దగ్గర ఎవరో దగ్గేవారు. కత్తెర అక్కడే వదిలి పరుగు. ఆ మనిషికి సర్దిచెబుతుంటే ఫోను. ఫోను పెట్టేసి వచ్చేసరికి ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు, మళ్ళీ టేపు తీసి మొదటినుంచి కొలత. ఈలోగా ఇంకొకరు. సాయంత్రానికి బల్ల మీద నాలుగు సగం బట్టలుండేవి, పూర్తయినది ఒక్కటీ ఉండేది కాదు. "పొద్దుణ్ణుంచి నడుం వాల్చలేదు" అని మాత్రం గొప్పగా చెప్పుకునేది. నడుం వాల్చకపోవడం ఒక ఘనకార్యమా అని అడిగే ధైర్యం మొగుడికి లేదు.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమో, ఆవిడ కుడిచెయ్యి మొరాయించకపోతే. ఏడాదిగా వేళ్ళు మొద్దుబారుతున్నాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, ఆపరేషన్ తప్పదనీ డాక్టరమ్మ మూడుసార్లు తేదీ ఇచ్చింది. మూడుసార్లూ మాస్టరమ్మ ఆసుపత్రికి కూడా అదే పాట పాడింది, చేతిలో అర్జెంటు పనులున్నాయి, కాస్త ఆగండి అని. నాలుగోసారి వెళితే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ పల్లంగా ఉంది.

"ఇది కరిగిపోతోంది. ఈసారి కూడా వాయిదా వేశారంటే ఇంక నా దగ్గరకి రావక్కర్లేదు. మీ చేతికి కత్తెర పట్టు ఉండదు. గురువారం పొద్దున ఆపరేషన్, బుధవారం సాయంత్రం ఆరింటికల్లా చేరాలి. ఆ తర్వాత ఆరు వారాలు కత్తెర ముట్టుకోకూడదు" అంది.

ఆరు వారాలు! మాస్టరమ్మ గుండెల్లో రాయి పడింది.

సోమవారం పొద్దున ముగ్గురూ అర ముందు నిలబడి మూటలు లెక్కపెట్టారు. నలభై మూడు. ప్రతి మూటకీ గుండుసూదితో గుచ్చిన చీటీ, ప్రతి చీటీ మీదా తేదీ. సగం తేదీలు దాటిపోయాయి, మిగతా సగం ఈ వారంలోనే ఉన్నాయి. మాస్టరమ్మకి తల తిరిగిపోయింది.

"ఇన్ని పెట్టుకుని నేను మంచమెక్కితే షాపుకి తాళమే. అయ్యే పని కాదు. డాక్టరమ్మకి ఏదో ఒకటి చెప్పి..." అని గొణిగింది.

"అడిగితే పోలా వదినా?" అంది నిదానం, ఒక చీటీ సరిగ్గా గుచ్చుతూ.

"ఎవర్ని? ఏమని?"

"వీళ్ళందర్నీ. నిజంగా ఎప్పటికి కావాలని."

మాస్టరమ్మ పకపకా నవ్వింది. "భలేదానివే! అడగ్గానే చెప్పేస్తారా? వాళ్ళు ఆడే అబద్ధాలు నాకు తెలియవూ?"

"మనం ముందు నిజం చెబితే వాళ్ళూ చెబుతారేమో. చేతికి ఆపరేషన్ అని ఎవరికీ చెప్పలేదు కదా నువ్వు."

చెప్పలేదు. చెబితే అందరూ వేరే షాపు చూసుకుంటారని భయం. ఏడాదిగా కౌంటరు కింద చెయ్యి దాచుకుని మరీ మాట్లాడింది పాపం. మొగుడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఫోను తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. మాటల మనిషి కాదాయన, చేతల మనిషి.

మొదటి ఫోను ఫోటోగ్రాఫరుకి. తమ్ముడి పెళ్ళి, ఐదో తేదీకి సూటు లేకపోతే పరువు పోతుందని గగ్గోలు పెట్టినవాడు.

"అయ్యా, గురువారం నా చేతికి ఆపరేషన్. ఆరు వారాలు పని చెయ్యలేను. మీకు సూటు నిజంగా ఎప్పటికి కావాలో చెప్పండి, ఏమీ అనుకోను" అంది మాస్టరమ్మ.

అవతల నుంచి సన్నగా గొంతు వినిపించింది. "పెళ్ళి రెండు నెలల తర్వాతండీ. మీ సంగతి తెలుసు కదాని... కొంచెం ముందుగా చెప్పాను."

"కొంచెమా!" అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

రెండో ఫోను పళ్ళ డాక్టరుకి. నాలుగు తెల్లకోట్లు, 'అర్జెంట్' అని తన చేత్తోనే చీటీ మీద రాసిన మనిషి. పాతవి ఆరున్నాయట, కొత్తవి ఎప్పుడైనా ఫరవాలేదట. అర్జెంట్ అని రాయకపోతే మూట కిందికి వెళ్ళిపోతుందని రాశాడట. మూడోది ముగ్గురు ఆడపిల్లల తల్లి. ఆవిడైతే ఫోన్లోనే పగలబడి నవ్వింది. "నేను ఇరవై రోజులు ముందేస్తానమ్మా ఎప్పుడూ. మా చెల్లెలు నెల వేస్తుంది. మీరు ఎంత వేస్తారు?" అని పైగా ఎదురు ప్రశ్న! మాస్టరమ్మ నీళ్ళు నమిలింది. "పది" అని ఒప్పుకుంది చివరికి.

అందరూ అలా నవ్వుతూ ఊరుకోలేదు. ఒకాయన ఒంటికాలి మీద లేచాడు. నేరుగా వచ్చేసి, "ఏడాదిగా చెయ్యి బాగాలేకుండానే నా బట్టలు పాడుచేశావా" అని నానా మాటలూ అని మూట చంకలో పెట్టుకుపోయాడు. మాస్టరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొగుడు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు. నిదానం మాత్రం ఆ చీటీ చింపి బుట్టలో వేసి, "నలభై రెండు" అంది.

సాయంత్రం నాలుగింటికి లెక్క తేలింది. చెబితే నమ్మరు. నలభై రెండు మూటల్లో ముప్పై ఒకటికి నెలన్నర పైనే గడువుంది. వారం పది రోజుల్లో కావాల్సినవి పదే, అందులో ఏడు కోసేసినవి, మూడింటికి హెమ్మింగ్ తప్ప పనే లేదు. అవన్నీ నిదానం కళ్ళు మూసుకుని చేసేస్తుంది. ఇక మిగిలింది ఒకటే ఒకటి. ఆ మనిషి ఫోను ఎత్తలేదు.

మాస్టరమ్మ కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ తనకి లేదు, లేదు అని ఏడ్చిన సమయమంతా ఆ అరలోనే, ఆ చీటీల కిందే పడి ఉంది! ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. తన మీదేనని కాసేపటికి తెలిసింది.

ఐదింటికి ఫోను మోగింది. ఆ మిగిలిన మనిషే, బస్సు డ్రైవరు. నల్లకోటు అడిగాడు, బుధవారం సాయంత్రానికి. బుధవారం అన్నాడంటే ఎంత లేదన్నా వచ్చే వారం చివరికి అని మాస్టరమ్మ ఆ బట్ట ముట్టుకోనేలేదు.

"డ్యూటీలో ఉన్నానమ్మా, బండి నడుపుతూ ఫోను ఎత్తను. చెప్పండి" అన్నాడాయన.

మాస్టరమ్మకి ఇప్పటికి ఆ మాటలు నోటికొచ్చేశాయి. చెయ్యి, ఆపరేషను, ఆరు వారాలు అని గడగడా చెప్పి, "మీకు అసలు తేదీ ఏది?" అంది.

"బుధవారమేనమ్మా. గురువారం నా ఆఖరి డ్యూటీ. పొద్దున డిపోలో అందరూ కలిసి వీడ్కోలు పెట్టారు."

"అది సరేనండీ, అది నాకు చెప్పిన తేదీ. నేనడిగేది అసలుది."

"చెప్పిందే అసలుదమ్మా."

"అందరూ ముందుకి జరిపి చెబుతారు కదా! మీకు నా సంగతి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు. పది రోజులు ముందు చెప్పమన్నారు. నాకది చేతకాదమ్మా. ముప్పై రెండేళ్ళు బండి నడిపాను. ఆరింటి బండి ఆరింటికి బయల్దేరుతుందని నమ్మే జనం స్టాపులో నిలబడతారు. బుధవారానికి మీరు సరే అన్నారు, నేను నమ్మాను. కుదరకపోతే చెప్పండి, ఉన్న చొక్కాతో వెళతాను, దానికేముంది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. మాస్టరమ్మ "పావుగంటలో మళ్ళీ ఫోను చేస్తాను" అని పెట్టేసి, బట్ట విప్పి బల్ల మీద పరిచింది. కత్తెర ఎత్తింది. బొటనవేలు పట్టు దొరకలేదు, కత్తెర జారి ఠంగుమని బల్ల మీద పడింది. రెండోసారీ అంతే. ఆవిడ కత్తెర వదిలి మళ్ళీ ఫోను అందుకుంది.

"ఎవరికి?" అంది నిదానం.

"ఆసుపత్రికి. ఒక్క రెండు రోజులు అడుగుతాను. రాత్రికి కాస్త వేడినీళ్ళలో పెడితే చెయ్యి అదే కుదుట..."

నిదానం మిషను ఆపేసింది. లేచి వచ్చి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. పదహారేళ్ళలో ఆ మనిషి గొంతు పెంచడం ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నారు.

"పెట్టెయ్ వదినా ఫోను! పదహారేళ్ళుగా నీ పక్కన కూర్చున్నాను. నువ్వు కోసిన ప్రతి గుడ్డా నేనే కుట్టాను. నువ్వు కంగారులో చంక దగ్గర ఎక్కువ కోసేస్తే నీకు తెలియకుండా అతికి సర్దింది నేను. నా చేతికి కత్తెర ఇవ్వవు, నీ చేతిని ఆసుపత్రికి ఇవ్వవు! ఏం చేసుకుంటావు దాన్ని? నేను కోస్తాను ఈ కోటు. నువ్వు కూర్చో."

మాస్టరమ్మ మొహం ఎర్రబడింది. అనాల్సిన మాట నోట్లోనే ఉంది, 'నీ నిదానానికి వచ్చే ఏడాదికవుతుంది' అని. కానీ బయటికొచ్చింది ఇంకోటి.

"నువ్వు కోసేస్తే... మరి నేనెందుకే ఇక్కడ?" అని బావురుమంది.

అదీ అసలు సంగతి. ఆవిడకి సమయం చాలకపోవడానికి జనమూ కారణం కాదు, ఫోనూ కారణం కాదు. కత్తెర ఇంకొకరి చేతిలో కూడా తెగుతుందని తేలితే తానెందుకూ పనికిరానని లోపల ఒకటే భయం. నిదానం గొంతు వెంటనే మెత్తబడింది. పక్కన కూర్చుని వదిన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. "తప్పు పోతే చెప్పడానికి ఎవరుండాలి మరి? నీకున్న కన్ను నాకుందా?" అంది.

మాస్టరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని డ్రైవరుకి ఫోను చేసింది. "బుధవారం నాలుగింటికి రండి. కోటు మా ఆడపడుచు కోస్తుంది. నేను కాదు. మీకు ఇష్టమేనా?" అని అడిగింది. ఆయన ఇష్టమే అన్నాడు.

మంగళవారం పొద్దున మొగుడు ఒక అట్ట మీద 'కౌంటరు మధ్యాహ్నం రెండింటికి తెరుస్తాం' అని పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి కట్టాడు. ఫోను తీసి ఇస్త్రీ బట్టల కింద పెట్టేశాడు. నిదానం బల్ల దగ్గర నిలబడింది. కొలత తీసింది. మళ్ళీ తీసింది. సుద్దతో గీత గీసి, అది నచ్చక చెరిపి మళ్ళీ గీసింది. మాస్టరమ్మ స్టూలు మీద కూర్చుని ఒకటే మెలికలు తిరిగిపోయింది. తనైతే పది నిమిషాల్లో పరపరా కోసేసేది. ఈ మహాతల్లి గంటైనా కత్తెరే ఎత్తదే!

"అలా కాదు, అక్కడ..." అని లేవబోతుంటే మొగుడు భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. "టీ తాగుదాం పద."

"ఇప్పుడా!"

"ఇప్పుడే. పెళ్ళైన కొత్తలో తాగాం బయట, మళ్ళీ ఇదే."

టీ తాగుతూ చూస్తే షాపు తలుపు దగ్గరకి ఒక్కొక్కరే వచ్చారు, అట్ట చదివారు, వెళ్ళిపోయారు. ఎవరూ తలుపు బద్దలు కొట్టలేదు. ఎవరి కొంపా మునగలేదు. ఇన్నేళ్ళూ ఆ దగ్గు వినగానే కత్తెర వదిలేసి పరిగెత్తింది ఇందుకా అని మాస్టరమ్మ విస్తుపోయింది. తిరిగి వచ్చేసరికి కోటు ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. గంటన్నర పట్టింది. ఆవిడ ఒక్కో ముక్కా ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. సర్దాల్సింది ఏమీ లేదు. తన పది నిమిషాల వెనక ఎప్పుడూ రెండు గంటల సర్దుబాటు ఉండేదని ఆవిడకి అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం ట్రయలుకి డ్రైవరు వచ్చాడు. పైపైన పచ్చికుట్టు వేసిన కోటు తొడిగి నిదానం చుట్టూ తిరిగి చూసింది. ఎడం భుజం దగ్గర ఆగి, గుండుసూదితో చిన్న మడత పెట్టింది. ముప్పై రెండేళ్ళు స్టీరింగు మీద ఒరిగి ఆయన ఎడం భుజం కాస్త కిందికి దిగింది. మాస్టరమ్మ పుస్తకంలో రెండు భుజాలకీ ఒకటే కొలత ఉంది. ఆ రోజు కొలత తీస్తూ ఆవిడ ఇద్దరితో మాట్లాడుతోంది మరి.

బుధవారం నాలుగింటికి కోటు సిద్ధం. కాజాలు నిదానం కుట్టింది, గుండీలు మొగుడు. డ్రైవరు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఆయన అటు తిరిగి, ఇటు తిరిగి, "ఇది నేనేనా?" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఎవరు కోశారో చెప్పండి ఇప్పుడు" అంది మాస్టరమ్మ. ఆ గొంతులో గర్వం చూసి మొగుడే నోరు వెళ్ళబెట్టాడు.

ఆరింటికి పది నిమిషాల ముందే ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంది. గురువారం ఆపరేషన్ అయింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి కట్టు చూసి, "నరం బాగానే ఉంది. నెమ్మదిగా పట్టు వస్తుంది. ఇంకో నెల ఆగి ఉంటే మాత్రం నేనేం చెయ్యలేకపోయేదాన్ని" అంది. మాస్టరమ్మకి ఏడుపొచ్చింది. మొగుడు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నిదానం వచ్చింది, షాపు ఫోను చేతిలోనే ఉంది. అది మోగుతోంది.

"స్కూలు ప్రిన్సిపాలుగారు వదినా. పొద్దుణ్ణుంచి ఇది ఐదోసారి. రెండు డ్రెస్సులు కుట్టాలట, సోమవారానికి. కుదరదు, ఇరవై రెండో తేదీకి ఇస్తానన్నాను. నా మాట వినరట, నీతోనే మాట్లాడతారట."

మాస్టరమ్మ ఎడం చేత్తో ఫోను తీసుకుంది. ప్రిన్సిపాలు ఊరికే వదిలే మనిషి కాదు. పదేళ్ళ ఖాతా, నోరు కూడా పెద్దది. ఆవిడ మాటల వాన అయ్యేదాకా మాస్టరమ్మ విన్నది. మధ్యలో, 'సర్లెండి మేడమ్, ఎలాగోలా...' అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా నిదానం మంచం కమ్మీ పట్టుకుని చూస్తోంది.

"మేడమ్" అంది మాస్టరమ్మ, "ఇప్పుడు కోసేది ఆవిడ. తేదీ కూడా ఆవిడే చెబుతుంది."

అని ఫోను ఆడపడుచు చేతికి ఇచ్చేసింది.

నిదానం ఫోను చెవికి ఆనించుకుంది. గొంతు సవరించుకుంది. "ఇరవై రెండండీ" అంది. అవతల నుంచి ఏదో గట్టిగా వినబడింది. "కాదండీ. ముందు తేదీ చెప్పమంటే చెప్పగలను గానీ, ఇవ్వలేను. ఇరవై రెండు." మళ్ళీ ఏదో. తర్వాత ఫోను పెట్టేసింది.

"ఒప్పుకుందా?" అంది మాస్టరమ్మ.

"ఒప్పుకుంది. తిట్టి మరీ ఒప్పుకుంది."

మాస్టరమ్మ తలగడ మీదికి ఒరిగి, నడుం పూర్తిగా వాల్చి, పట్టపగలు కళ్ళు మూసుకుంది.